కుర్చీయు నడుమును

మా తండ్రిగారు ఒక కచేరీలో గుమాస్తాగా ముప్పది సంవత్సరములు పనిచేసిరి. ఆయన పొట్టి మనిషి. ఆయనకిచ్చిన కుర్చీ ఎత్తైనది. వీపు ఆనించుకొను పలకలు నిటారుగను, చదునుగను ఉండెడివి. కూర్చున్నచో పాదములు నేలకు ఆనెడివి కావు. అందుచేత ఆయన పాత దస్త్రముల కట్ట నొకదానిని బల్లక్రింద పెట్టుకొని, దానిపై పాదము లుంచెడివారు. మధ్యాహ్నమగుసరికి నడుము పట్టివేయుచుండుటచే, ఒకనాడు ఇంటినుండి ఒక పాత పంచెను చుట్టగా చుట్టి, తాడుతో కట్టి తీసికొనిపోయి, నడుమునకును కుర్చీకిని మధ్య నుంచుకొనిరి. ప్రక్కబల్లవారు “ఏమండీ, ఇంటినుండి పరుపుకూడ తెచ్చుకొన్నారా?” అని నవ్విరట. నాలుగు దినముల పిమ్మట పై అధికారి చూచి, కచేరీలో ఇట్టివి శోభింపవని చెప్పెను. పంచెచుట్ట ఇంటికి తిరిగివచ్చినది. నడుమునొప్పి మాత్రము ఉద్యోగవిరమణానంతరము కూడ ఆయనను విడిచిపెట్టలేదు.

ఆ నొప్పికి ఆ కుర్చీయే కారణమని నేను నిశ్చయముగా చెప్పజాలను. నడుమునొప్పికి కారణములు పెక్కులు. కాని ఆ పంచెచుట్ట చేయుచుండిన పని యేదియో, దానివలన ఆయనకు సుఖ మేల కలుగుచుండెనో తెలిసికొనుట మనకందరకును ఉపయోగకరము. ఏలయన, ఆనాడు కచేరీలకు మాత్రమే పరిమితమైన కూర్చుండు ఉద్యోగము నేడు ఇంటింట ప్రవేశించినది. బల్లయెదుట దినమునకు ఏడెనిమిది గంటలు గడపువారు లేని కుటుంబము పట్టణములలో అరుదు.

మొదట మన వెన్నెముక నిర్మాణమును కొంచెము గమనింతము. వెన్నెముక పాతిన రాటవలె తిన్ననైనది కాదు. అందు 33 పూసలు గలవు. వానిలో పై 24 కదలునట్టివి: మెడయందు 7, వీపునందు 12, నడుమునందు 5. క్రిందివానిలో 5 పూసలు అతుకుకొని త్రికమను ఎముకగను, తక్కిన చిన్నపూసలు తోకఎముకగను ఏర్పడినవి. మనిషి నిలిచియుండగా ప్రక్కనుండి చూచినచో, ఈ పూసల వరుస మెడవద్ద ముందునకును, వీపువద్ద వెనుకకును, నడుమువద్ద మరల ముందునకును వంపు తిరిగియుండును. పసిబిడ్డకు పుట్టుకతో నడుమువంపు స్పష్టముగా నుండదు. బిడ్డ తల నిలిపినప్పుడు మెడవంపును, లేచి నడువ నేర్చినప్పుడు నడుమువంపును క్రమముగా ఏర్పడును. నిలుచుటకును నడచుటకును అనుకూలముగా మనకు ఏర్పడిన వంపు ఇది.

పూసకును పూసకును మధ్య మెత్తని బిళ్ళలు గలవు. వెలుపల గట్టి నారపొరల చుట్టును, లోపల తాటిముంజెవంటి మెత్తని పదార్థమును గల ఈ బిళ్ళలే మనము అడుగువేసినప్పుడు కలుగు అదురును తమలో ఇముడ్చుకొనును. వీని విషయమున ఒక విశేషము గలదు. పెద్దవారిలో ఈ బిళ్ళల లోపలికి రక్తనాళములు పోవు. స్పాంజిని నొక్కినప్పుడు నీరు వెలికిపోయి, వదలినప్పుడు లోనికి వచ్చునట్లు, శరీరము కదలుచుండగా ఒత్తిడి హెచ్చుచు తగ్గుచు నుండుటవలననే వానికి పోషణము సులభమగును. కావున కదలిక లేకుండుట బిళ్ళలకు మేలు చేయదు. ఈ మాటను మనసున నుంచుకొన్నచో, మంచి కుర్చీకి ఉండవలసిన లక్షణములలో సగము మనకు దానంతట అదియే బోధపడును.

ఇక కూర్చున్నప్పుడు జరుగునదేమి? పాఠకులు ఈ క్షణముననే ఒక చిన్న పరీక్ష చేయవచ్చును. లేచి నిలువబడి, అరచేతిని నడుము వెనుకభాగమున ఉంచుడు. అక్కడ ఒక పల్లము చేతికి తగులును. చేయి తీయకయే ముక్కాలిపీటపైనను, వీపుపలక లేని బల్లపైనను కూర్చుండుడు. ఆ పల్లము పూడి, చదునగుటయో, వెలుపలికి ఉబ్బుటయో చేతికి తెలియును. కారణమేమనగా, కూర్చున్నప్పుడు తొడలు ముందునకు మడవబడును. తొడ వెనుకనుండు కండరములు కటిఎముకను లాగును. కటిఎముక వెనుకకు దొర్లును. దానిపై నిలిచిన నడుముపూసలు తమ సహజమైన వంపును పోగొట్టుకొనును. అప్పుడు బిళ్ళల ముందుభాగము నొక్కుకొనిపోవును; వెనుక నుండు బంధనములు సాగి బిగియును. శరీరము ముందునకు వాలిపోకుండ నిలుపుటకు వీపుకండరములు విడువక బిగిసియుండవలసివచ్చును. బిగిసియే యుండు కండరమునందు రక్తప్రసారము మందగించును. అది త్వరగా అలసి నొప్పి పుట్టించును. సాయంకాలమున మనము “నడుము లాగుచున్నది” అనుట ఈ అలసటనే.

ఈ సంగతి శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చి చాలకాలమైనది. ఇటలీదేశపు వైద్యుడు బెర్నార్డినో రమజ్జీని వివిధ వృత్తులవారికి వచ్చు వ్యాధులను గూర్చి 1700 సంవత్సరమున ఒక గ్రంథము ప్రకటించెను. 1713 నాటి ప్రతిలో ఆయన వ్రాయసకాండ్రను గూర్చికూడ వ్రాసెను. ఎడతెగక కూర్చుండుట, చేతిని ఒకేరీతిగా కదల్చుచుండుట, లెక్క తప్పునేమో యను మనోవ్యాకులత, ఈ మూడును వారి బాధలకు మూలములని ఆయన గుర్తించెను. మూడువందల యేండ్ల క్రిందటి ఈ మాట నేటి కంప్యూటరు ఉద్యోగికిని అక్షరాల వర్తించును గదా!

ఐనను కుర్చీని కొలతలతో పరీక్షించు పని ఇరువదవ శతాబ్దమునగాని ఊపందుకొనలేదు. స్వీడను దేశమున బెంగ్ట్ ఓకర్‌బ్లూమ్ అను వైద్యుడు నిలుచుటను, కూర్చుండుటను గూర్చి 1948లో ఒక పరిశోధనగ్రంథము వెలువరించెను. కుర్చీలు మితిమీరిన ఎత్తుతో చేయబడుచున్నవనియు, నడుమువద్ద వీపునకు ఆధార ముండవలెననియు ఆయన వాదించెను. 1953లో అమెరికాయందు కీగన్ అను శస్త్రవైద్యుడు వివిధ భంగిమలలో నున్నవారి నడుములను ఎక్సురేతో చిత్రించెను. మొండెమునకును తొడలకును మధ్య కోణము సుమారు 135 డిగ్రీలున్నప్పుడు నడుమువంపు సహజస్థితిలో నుండెననియు, నిటారుగా 90 డిగ్రీల కోణమున కూర్చున్నప్పుడు ఆ వంపు చదునయ్యెననియు తెలిసినది. బడిలో మనకు నేర్పిన “నిటారుగా కూర్చుండు” అను ఆజ్ఞ గంటలకొలది పాటింపదగినది కాదని దీనివలన తేలుచున్నది.

1960 తరువాతి సంవత్సరములలో స్వీడనుకే చెందిన ఆల్ఫ్ నాకెమ్సన్ ఇంకొక అడుగు ముందునకు వేసెను. బ్రదికియున్న మనుష్యుల నడుముబిళ్ళలోనికి సన్నని సూదిని పంపి, లోపలి ఒత్తిడిని కొలిచెను. ప్రసిద్ధమైన ఆయన పట్టికలో, నిలుచున్నప్పటి ఒత్తిడిని 100 అనుకొన్నచో, ఆధారము లేక కూర్చున్నప్పుడు 140, కూర్చుండి ముందునకు వంగినప్పుడు 185, వెల్లకిల పరుండినప్పుడు 25 అని గలదు. 1999లో జర్మనీ దేశమున విల్కె మున్నగువారు నూతన సాధనములతో ఒక్క వ్యక్తియందు మరల కొలిచిచూడగా, కూర్చున్నప్పటి ఒత్తిడి నిలుచున్నప్పటి ఒత్తిడికంటె అంత ఎక్కువ కాదని తోచినది. కాని ఒక విషయమున ఇరువురి కొలతలును ఏకీభవించినవి: ముందునకు వంగి కూర్చున్నచో ఒత్తిడి పెరుగును. విల్కె కొలతలో వెనుకకు వాలి కూర్చున్నప్పుడు ఒత్తిడి తగ్గినది. 1970 తరువాత స్వీడనులో జరిగిన పరీక్షలలో సయితము, వీపుపలకను వెనుకకు వాల్చుటవలనను, నడుమువద్ద ఆధార ముంచుటవలనను బిళ్ళల ఒత్తిడియు, వీపుకండరముల శ్రమయు తగ్గుట కనబడినది.

మా తండ్రిగారి పంచెచుట్ట చేయుచుండినది ఈ పనియే. కటిఎముక వెనుకకు దొర్లకుండ అది అడ్డుపడుచుండెను. నడుమువంపు పూర్తిగా చదును కాకుండ కాచుచుండెను. ఆయన ఏ గ్రంథమును చదువలేదు. నొప్పియే ఆయనకు బోధించినది.

ఇచట ఒక ప్రశ్న రావచ్చును. మన పూర్వులు నేలపై కూర్చుండియే వ్రాయలేదా? కరణముగారు చాపపై బాసిపట్లు వేసికొని లెక్కలు వ్రాసెడివారు. అంగడి గుమాస్తా గల్లాపెట్టె ప్రక్కన కూర్చుండి చిట్టా ఆవర్జాలు నింపెడివాడు. వారికి కుర్చీ యెక్కడిది? ఈ ప్రశ్న న్యాయమైనదే. కాని నేలపై కూర్చున్నవాడు ఒకే భంగిమలో చిరకాలము ఉండలేడు. కాలు మార్చును, మోకాలు ఎత్తి పెట్టుకొనును, గోడకు చేరగిలబడును, చేయి ఊని లేచును. కరణము పొలముల కొలతకై గట్లవెంట నడచెడివాడు. కదలిక ఆ వృత్తిలోనే ఇమిడియుండెను. అట్లని వారికి నడుమునొప్పులు లేవని చెప్పరాదు. వంగి వ్రాయువారికి మెడయు వీపును ఆనాడును నొచ్చెడివే. ఆంధ్రప్రదేశమున 1984లో కరణముల పదవి రద్దయినది. నేడు అదే లెక్కను కంప్యూటరులో నెక్కించు ఉద్యోగి, పొలమునకు పోవుట అటుండ, దస్త్రముకొరకు సైతము లేవనక్కరలేదు. కదలిక పోయినది, కూర్చుండుట మాత్రము మిగిలినది.

పైగా, కుర్చీ మనకు కొలతతో రాలేదు, హోదాతో వచ్చినది. “కుర్చీ దక్కినది”, “కుర్చీ పోయినది” అని మనము పదవిని గూర్చియే చెప్పుదుము. కచేరీలో పెద్ద అధికారికి చేతులు గల పెద్దకుర్చీ, వీపున తెల్లని తువ్వాలు, గుమాస్తాకు చేతులులేని కఱ్ఱకుర్చీ, బంట్రోతునకు ముక్కాలిపీట. అధికారి సమావేశములకును, తనిఖీలకును లేచిపోవుచుండును. ఉదయమునుండి సాయంకాలమువరకు కదలక కూర్చుండువాడు గుమాస్తా. ఎక్కువసేపు కూర్చుండువానికి తక్కువ కుర్చీ, తక్కువసేపు కూర్చుండువానికి మేలైన కుర్చీ! కుర్చీని గౌరవచిహ్నముగా తలచినంతకాలము ఈ విపరీతము తొలగదు. కొడవలి పిడి కోతకూలి చేతికి అమరవలె ననుటలో ఎవరికిని సందేహము లేదు. కుర్చీకూడ వ్రాతపనివాని పనిముట్టే. పనిముట్టు చేయువానికి అమరవలెను.

పనిని మనిషికి తగినట్లు అమర్చు ఈ విద్యకు ఒక పేరు గలదు. గ్రీకుభాషయందు పని యనియు, నియమ మనియు అర్థమిచ్చు రెండు మాటలను కలిపి, 1857లో పోలండు దేశపు యాస్ట్ర్‌షెంబోవ్‌స్కి అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు ఈ పేరును కూర్చెను. 1949లో ఇంగ్లండున మరల వాడుకలోనికి వచ్చిన ఆ పేరే నేడు మనము అంగళ్ళ ప్రకటనలలో చూచుచున్న ఎర్గొనామిక్స్. ఐతే ప్రకటనలో ఆ మాట యున్నంతమాత్రమున కుర్చీ మంచిదికాదు. మీ శరీరమునకు అది తగినదా, కాదా అనుటయే పరీక్ష. ఆ పరీక్షకు కొలబద్దకూడ అక్కరలేదు. మన చేతివ్రేళ్ళే చాలును.

మొదటిది, ఎత్తు. కూర్చున్నప్పుడు రెండు పాదములును నేలపై పూర్తిగా ఆనవలెను. మోకాటి వెనుకటి మడతకు నేలనుండి ఎంత ఎత్తో, చెప్పుల మందముతో కలిపి, ఆసనమునకు ఇంచుమించు అంతయే ఎత్తు ఉండవలెను. కుర్చీ అంతకంటె ఎత్తైనచో ఆసనపు అంచు తొడల అడుగుభాగమును ఒత్తును. కాళ్ళనుండి రక్తము పైకి మరలుటకు అడ్డమగును. సాయంకాలమునకు పాదములు బరువెక్కి వాచును. కుర్చీ మిక్కిలి పొట్టిదైనచో మోకాళ్ళు పైకిలేచి, నడుము గూనివలె వంగును. సాధారణముగా వడ్రంగి చేయు కుర్చీ ఒకటిన్నర అడుగు, అనగా సుమారు 45 సెంటీమీటర్ల ఎత్తుండును. ఐదడుగుల లోపు పొడవుగల స్త్రీకి ఇది తరచుగా ఎత్తే యగును. కాని కుర్చీని తగ్గించినచో, రెండున్నర అడుగుల ఎత్తుగల బల్ల ఆమెకు ఎత్తైపోవును. అట్టివారు కుర్చీని బల్లకు సరిపోవునట్లు ఎత్తుగా ఉంచుకొని, పాదములక్రింద పీట వేసికొనుట మేలు.

రెండవది, ఆసనపు లోతు. వీపు వెనుకపలకకు ఆనునట్లు కూర్చుండినప్పుడు, ఆసనపు ముందంచునకును మోకాటి వెనుకభాగమునకును మధ్య రెండు మూడు వ్రేళ్ళు దూరునంత ఎడముండవలెను. ఆ ఎడము లేనిచో కూర్చుండువాడు ముందునకు జరిగి కూర్చుండును. వీపుపలక యున్నను లేనట్లే యగును. పొడవైన విదేశీయులకై చేసిన కుర్చీలు మనలో పెక్కుమందికి ఈ లోతువద్దనే కుదరవు. భారతీయుల శరీరప్రమాణములు వేరుగా తెలిసియుండవలెనను ఉద్దేశముతోనే అహమ్మదాబాదునందలి జాతీయ డిజైను సంస్థ 1997లో దేబ్‌కుమార్ చక్రవర్తిగారు సంకలనము చేసిన కొలతలను గ్రంథముగా ప్రకటించినది. మన కుర్చీలు చేయువారు అట్టి కొలతలను అనుసరించుట మనకు మేలు.

మూడవది, నడుముకు ఆధారము. ఇది మొలత్రాడు కట్టుకొను చోటునకు కొంచెము పైగా, నడుముపల్లమున అమరవలెను. మరీ ఉబ్బెత్తుగా నుండి వీపును ముందునకు త్రోయరాదు. మరీ మెత్తనై లోనికి పోరాదు. త్రికము క్రింద, పిరుదులకు కొంచెము ఖాళీ యుండినచో, మనిషి పూర్తిగా వెనుకకు జరిగి కూర్చుండగలడు.

నాలుగవది, వాలు. వీపుపలక 90 డిగ్రీలవద్ద బిగిసియుండక, 100 మొదలు 110 డిగ్రీలవరకు వాలినచో, పైశరీరపు బరువులో కొంతభాగము ఆ పలకమీదికి పోవును. పలక మనతో కూడ వాలి, మనతో కూడ లేచునదైనచో ఇంకను మంచిది. కూర్చుండియే కదలుటకు అది అవకాశమిచ్చును. మన పడకకుర్చీ విశ్రాంతికి హాయినిచ్చుటకు ఈ వాలే కారణము. ఐతే పడకకుర్చీలో వ్రాతపని చేయరాదు. చేయబూనినచో మెడను ముందునకు చాచవలసివచ్చును.

ఐదవది, చేతుల ఆధారము. మోచేయి ప్రక్కటెముకల చెంతనే వ్రేలాడునప్పుడు ఎంత ఎత్తున నుండునో, కుర్చీచేయికూడ అంతే ఎత్తున నుండవలెను. మరీ ఎత్తైనచో భుజములు చెవులవైపు ఎగబ్రాకి మెడకండరములు బిగియును. మరీ పొట్టివైనచో మనిషి ఒకప్రక్కకు ఒరిగి కూర్చుండును. బల్లకు తగిలి కుర్చీని దగ్గరకు రానీయని చేతులకంటె, చేతులు లేకుండుటయే మేలు.

కుర్చీ యెంత మంచిదైనను బల్లమీది అమరిక చెడ్డదైనచో దాని ఫలము దక్కదు. కంప్యూటరు తెర యొక్క పైయంచు కన్నుల మట్టమునగాని, కొంచెము దిగువగాని ఉండవలెను. దూరము ఇంచుమించు చాచిన చేయంత. లాప్‌టాప్ యంత్రమున తెరయు, మీటలును ఒకదాని కొకటి అతుకుకొనియుండుటచే, ఒకటి సరియైనచో రెండవది సరిగా నుండదు. దినమంతయు దానిమీద పనిచేయువారు, యంత్రమును నాలుగు లావుపాటి పుస్తకములపై ఎత్తి, వేరుగా మీటలపలకను తెచ్చుకొనుట యుక్తము.

ఇంతవరకు కుర్చీని పొగడినాము. దాని హద్దుకూడ చెప్పుట ధర్మము. మంచి కుర్చీ ఒక్కటే నడుమునొప్పిని మాన్పునని చెప్పుటకు బలమైన సాక్ష్యము లేదు. అది అనవసరమైన శ్రమను తగ్గించును, పనిచేయుట సుఖతరము చేయును, అంతే. 1953లో జెరెమీ మారిస్ మున్నగువారు లండను బస్సు ఉద్యోగులను గూర్చి ఒక పరిశోధన ప్రకటించిరి. దినమంతయు కూర్చుండి బస్సు నడపు డ్రైవర్లకంటె, రెండంతస్తుల బస్సులో మెట్లెక్కుచు దిగుచు టిక్కెట్లిచ్చు కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా కనబడినది. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో ఇచ్చిన సూచనలలోకూడ, పెద్దవారు వారమునకు 150 మొదలు 300 నిమిషములవరకు ఒక మోస్తరు వ్యాయామము చేయవలెననియు, కూర్చుండు కాలమును తగ్గించుకొనవలెననియు గలదు. కావున అరగంటకొకసారి లేచుట ఏ కుర్చీలో కూర్చున్నవారికైనను నియమము కావలెను. మంచినీళ్ళకు తామే లేచిపోవుట, ఫోను వచ్చినప్పుడు నిలువబడి మాట్లాడుట, ప్రక్కగదివారితో నడచిపోయి మాట్లాడుట, ఇవి ఖర్చులేని వైద్యము.

ఇంకొక హెచ్చరిక. నొప్పి కాలివెంట పాదమువరకు ప్రాకి బలహీనత కలిగినను, తొడల మధ్యభాగము మొద్దుబారినను, మలమూత్రములపై అదుపు తప్పినను కుర్చీని మార్చుచు కాలము గడపరాదు. వెంటనే వైద్యుని చూడవలెను. జ్వరముతోనో, బరువు తగ్గుటతోనో కూడిన నొప్పి, పడిన పిమ్మట వచ్చిన నొప్పి, రాత్రి నిద్రనుండి లేపు నొప్పికూడ వైద్యునికి చూపదగినవే.

ఈ విషయము స్వల్పమైనది కాదు. 2020 సంవత్సరమున ప్రపంచమున 61.9 కోట్లమంది నడుమునొప్పితో బాధపడిరని అంచనా. మనుష్యులను పనికి అశక్తులనుగా చేయు బాధలలో ప్రపంచమున దీనిదే మొదటిస్థానము. హైదరాబాదున 1998లో సైబర్ టవర్సు వెలసినది మొదలు వేలకొలది తెలుగు యువతీయువకులు తెరయెదుట కూర్చుండు ఉద్యోగములలో చేరిరి. 2020లో మహమ్మారి వచ్చినప్పుడు కచేరీ ఇంటికి వచ్చినది. కాని కచేరీ కుర్చీ ఇంటికి రాలేదు. మంచముపై దిండ్లు పేర్చుకొనియు, భోజనపు బల్లవద్ద ప్లాస్టికు కుర్చీలలోను, కొందరు వంటయింటి మూలలోను కూర్చుండి నెలలకొలది పనిచేసిరి. ఇంటి పెద్దలు “పిల్లవాడు హాయిగా ఇంట కూర్చుండి సంపాదించుచున్నాడు” అనుకొనిరి. ఆ కూర్చుండుటయే అతని శ్రమలో ఒకభాగమని వారికి తోచలేదు.

మంచి కుర్చీలు వెల గలవనుట నిజమే. ఐనను ఇంటిలో సోఫా కొనునప్పుడు అతిథులకొరకు ఎంత వ్యయము చేయుదుమో తలచుకొనుడు. అతిథి అరగంట కూర్చుండి పోవును. బిడ్డ చదువుకొనుటకును, కోడలు కుట్టుయంత్రముపై పనిచేయుటకును, కొడుకు ఉద్యోగము చేయుటకును కూర్చుండు ఆసనము దినమునకు ఎన్నో గంటలు వారి నడుమును మోయును. ముందుగా ఆ కుర్చీని గూర్చి ఆలోచించుట లోభము కాదు, దుబారా అంతకంటె కాదు. అంగడిలో చూచి, వెలను బట్టి నిర్ణయింపక, వాడబోవువారినే వెంటబెట్టుకొనిపోయి, పావుగంటయైనను అందులో కూర్చుండనిచ్చి కొనవలెను. ఒకరికి సరిపోయినది ఇంకొకరికి సరిపోవునను నమ్మకము లేదు.

కొనలేనివారు నిరాశ చెందనక్కరలేదు. స్నానపు తువ్వాలును గట్టిగా చుట్టి నడుమువెనుక నుంచుకొనుడు. పాదములు అందనిచో పీట వేసికొనుడు. ఆసనము గుంటపడినచో చదునైన పలకవేసి, పైన పలుచని పరుపు పరచుడు. గంట కొట్టు గడియార మున్నచో, అది మ్రోగినప్పుడెల్ల లేచి నాలుగడుగులు నడువుడు. ఆకాశవాణి వార్తలు వినునప్పుడైనను కూర్చుండక, నిలిచియో నడచుచునో వినవచ్చును. వినుటకు కుర్చీతో పనిలేదు గదా!

ఇక కచేరీలలోను, కార్యాలయములలోను అధికారము గలవారికి ఒక మనవి. మీక్రింద పనిచేయువారు దిండో, తువ్వాలో తెచ్చుకొని నడుమువెనుక పెట్టుకొన్నప్పుడు అది సోమరితనమని తలపకుడు. ఆ కుర్చీ ఆ మనిషికి సరిపోలేదని చెప్పు విన్నపము అది. వ్రాతపూర్వకముగా రానందున దానిని త్రోసివేయరాదు. సరియైన కుర్చీలో కూర్చున్నవాడు నొప్పిని మరచి పనిపై మనసు నిలుపును. దానివలన లాభము అతనికెంతయో కార్యాలయమునకును అంతయే.

మా తండ్రిగారి పంచెచుట్ట చాలకాలము మా యింట అటకమీద నుండెను. తరువాత నా ఉద్యోగములో నాకిచ్చిన కుర్చీయొక్క వీపుపలకలో, సరిగా ఆ చుట్ట యుండినచోటనే, అంతయే లావున, ఒక ఉబ్బు అమర్చబడియుండెను. దానిని పైకిని క్రిందికిని జరుపుటకు ఒక మరకూడ గలదు. నేను దానిని నా నడుమునకు సరిపోవునట్లు అమర్చుకొన్నప్పుడు ఎవరును నవ్వలేదు.